ఎలా పోయిందని అడిగే ఉద్యోగం

పురిట్లో పోయిన ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, మీ పిల్ల ఎలా పోయిందమ్మా అని అడగడం కొన్నాళ్ళు నా ఉద్యోగం.

ఇలాంటి ఉద్యోగం ఒకటుంటుందని మీకు తెలియదు. చేసేదాకా నాకూ తెలియదు. నా మొగుడు హార్బరులో కలాసీగా ఉండేవాడు. జబ్బు చేసి పోయాడు. కన్నీళ్ళు ఆరకముందే ఒక ఆసుపత్రిలో పురుళ్ళ వార్డులో ఆయాగా చేరాను. నేల కడిగాను, దుప్పట్లు ఉతికాను, నొప్పులు పడే ఆడవాళ్ళు నా జుట్టు పట్టుకుని పీకుతుంటే పీకించుకున్నాను. చదువంటారా, సంతకం పెడతాను, బస్సు బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కుంటాను. బస్సు ఆగితే ఊరి పేరు తెలుస్తుంది, కదిలిపోతే తెలియదు. అందుకే ఇదంతా నోటితో చెబుతున్నాను. వరస తప్పితే మీరే సర్దుకోండి. మీరంతా ఇప్పుడు ఇలాంటి వార్డుల్లోనే పని చేస్తున్నారు, లేకపోతే చెయ్యబోతున్నారు. మీకు పనికొస్తుందేమోనని చెబుతున్నాను. పనికి రాకపోయినా వినండి, ముసలిదాన్ని.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం అటు పక్క కొండలు పగలగొడుతున్న రోజులవి. మందు పేలినప్పుడల్లా ఊరికి ఇటు చివర మా ఇంటి పళ్ళేలు గలగలలాడేవి. ఇటు హార్బరు వైపు గాలి మళ్ళితే ఎర్రటి ఇనప దుమ్ము వచ్చి ఆరేసిన చీరల మీద వాలేది. పాతూళ్ళో వాన పడితే కాలవలు ఎర్రగా పారేవి. అదేం వింత కాదు మాకు. ఊరి రంగే అది.

ఆ రోజుల్లో మా వార్డుకి ఒక డాక్టరమ్మ వచ్చింది. కృష్ణా జిల్లా మనిషి. సన్నగా, పొడుగ్గా, గాలికి వంగే సరుగుడు చెట్టులా ఉండేది. గొంతు పైకి లేవదు. జీపెక్కితే కడుపులో తిప్పుతుందని దవడలో లవంగం పెట్టుకునేది. ఆవిడకి ఒక పట్టుదల.

"ఆసుపత్రికి వచ్చి చనిపోయిన వాళ్ళ సంగతి మనకి తెలుసు. ఇంట్లో పోయినవాళ్ళు ఎందుకు పోతున్నారో ఎవరికీ తెలియదు. తెలియకపోతే ఆపలేం కదమ్మా," అంది ఒకరోజు నాతో.

"మరి నానెందుకమ్మా?"

"ఇక్కడి వాళ్ళ మాట నాకు సగమే అర్థమవుతుంది. నా మాట వాళ్ళకి సగమే అర్థమవుతుంది. నువ్వు మధ్యలో ఉంటే రెండు సగాలూ కలుస్తాయి."

కలుస్తాయనే అనుకున్నాం ఇద్దరం.

తెల్లారగానే బయలుదేరేవాళ్ళం. ఆ ప్రయాణాలు ఇప్పుడు తలుచుకుంటే నిద్రలో నడిచినట్టుంటుంది. సముద్రం మీంచి మంచు రోడ్డు మీదికి వచ్చేది. కొండ మీద లైట్‌హౌసు దీపం ఇంకా తిరుగుతూ, తెల్లారిందని తెలియని మనిషిలా ఉండేది. ఓడ ఎక్కడో కూసేది. ఎక్కడుందో కనపడదు, కూత మాత్రం మన పక్కన కూర్చుని కూసినట్టుంటుంది. నేను వెనక సీట్లో కునికిపాట్లు పడేదాన్ని. కళ్ళు తెరిస్తే ఒక ఇల్లు, మూస్తే ఇంకో ఇల్లు. ఆ ఇళ్ళన్నీ ఇప్పుడు కలిసిపోయి ఒకే ఇల్లయిపోయాయి. ఒక గుమ్మం, గుమ్మంలో ఒక ముసలావిడ, ఆవిడ చంకలో తల్లి లేని బిడ్డ.

జీపు డ్రైవరు మావాడే, ఉత్తరాంధ్ర మనిషి. నన్ను అప్పా అని, అంటే అక్కా అని పిలిచేవాడు. నోరు ఊరుకోదు.

"అప్పా, మన జీపు యముడి ఎనకాల ఎల్లే జీపు. ఆయన ముందెల్లి పని సేసుకుని పోతాడు. మనం ఎనకొచ్చి ఎలగ సేసినాడో కనుక్కుంటాం."

"నోరు ముయ్యరా తమ్మీ, డాక్టరమ్మ ఇంటాది."

"ఇననీ. యముడికేటి, మనలాగ టీఏ డీఏ లేవు కదా, దున్నపోతు మీదే తిరుగుతాడు."

డాక్టరమ్మ లవంగం నములుతూ కిటికీలోంచి చూసేది. నవ్విందో లేదో తెలిసేది కాదు.

ఏ ఇంటికి వెళ్ళినా ముందు చెప్పులు విప్పేది. లోపలికి రమ్మంటే వెళ్ళేది, రమ్మనకపోతే అరుగు కింద నిలబడేది. నేను అడిగేదాన్ని. జాలరిపేటలో గాలి సోకిందనేవారు. పెందుర్తి అవతల రైతుల ఊళ్ళలో దిష్టి అనేవారు, లేదా గ్రామదేవతకి మొక్కు తప్పామనేవారు. పాతూరి ముస్లిముల ఇళ్ళలో నజర్ తగిలిందనేవారు, అల్లా మర్జీ అనేవారు. ఫ్యాక్టరీ పనులకి వచ్చిన కూలీల పాకల్లో అయితే, ఎవరో ఒడిశా పిల్లమ్మా, మొగుడు ఎటో వెళ్ళిపోయాడు అనేవారు. ఆ పిల్ల పేరు కూడా చెప్పేవాళ్ళు లేరు.

కొన్ని తెలిసేవి. పురుడయ్యాక వొళ్ళు కాలిపోయి, వాసన వచ్చి పోయిందంటే జ్వరమని తెలిసేది. కాళ్ళూ మొహం ఉబ్బి, పళ్ళు బిగించి కొట్టుకుని పోయిందంటే గుర్రపువాతమని నాకే తెలిసేది, డాక్టరమ్మ దానికి ఇంగ్లీషు పేరు రాసుకునేది. బిడ్డ అడ్డం తిరిగి పోయిన వాళ్ళ సంగతి అడక్కుండానే చెప్పేవారు, అంతసేపు అరిచి ఉంటుంది ఆ తల్లి.

చాలామంది మాత్రం ఊరికే పోయారు. వాళ్ళింటి వాళ్ళు అదే మాట అనేవారు. ఊరికే పోనాదమ్మా. బిడ్డ బాగానే పుట్టింది. మాయ పడింది. నవ్వింది కూడా. నిద్రొస్తోందంది. చలేస్తోందంటే దుప్పటి కప్పాం. మళ్ళీ చూస్తే లేదు.

ఆ ఊరికే పోయినవాళ్ళు డాక్టరమ్మని పట్టుకున్నారు. జీపులో కూర్చుని, "రక్తం పోయిందేమో సరిగ్గా అడిగావా?" అనేది. అడిగాను. ప్రతి ఇంట్లో అడిగాను. ఆసుపత్రి మనిషినని తెలియాలి కదా, గొంతు సవరించుకుని మరీ, రక్తం పోయిందా అని అడిగేదాన్ని. మొహాలు మాడ్చుకునేవారు.

"రగతం ఎందుకు పోతాదమ్మా? మేవు దాన్ని కొట్టినామేటి?" అనేవారు. ఒకచోట ఒక మొగుడు కర్ర తీసుకున్నాడు, పోలీసులనుకుని.

లేదంటున్నారమ్మా అని చెప్పేదాన్ని. ఆవిడ రాసుకునేది.

జాలరిపేటలో ఒక మంత్రసాని ఉండేది. ముసలిదే, కానీ చేపల తట్ట నెత్తి మీద పెట్టుకుంటే చెయ్యి వెయ్యకుండా నడిచేది. ఆ పేటలో సగం మంది ఆవిడ చేతుల్లో పడ్డవాళ్ళే. ఆవిడ పెద్ద కూతురు పురిట్లో, ఆవిడ చేతుల్లోనే పోయింది. మేము వెళ్ళేసరికి ఏడాది దాటింది. ఇసకలో కూర్చుని ఎండు చేపలు ఏరుతోంది. పక్కనే చిన్న కూతురు, కడుపుతో. అదీ తల్లి దగ్గరికి పురిటికి వచ్చింది.

"పెద్దమ్మా, పెద్దపిల్ల ఎలాగ పోనాదో సెప్తావేటి?"

తల ఎత్తలేదు. "గాలి సోకినాది. ఊరికే పోనాది. నాను సెయ్యాల్సిందల్లా సేసినాను."

"రక్తమేటైనా..."

"ఒలే, నీ నోట్లో సేప పడ. పురిటింట్లో ఆ మాటేటే?"

డాక్టరమ్మ ఇసకలో గొంతుక్కూర్చుంది. చిన్నదాన్ని చూసి, నెలలు దగ్గర పడుతున్నాయి, ఈ పిల్లని ఆసుపత్రికి పంపించమ్మా అంది.

"మీ ఆసుపత్రిలో ఎవులూ సావరేటి?"

"చస్తారు," అంది డాక్టరమ్మ.

ముసలిది అప్పుడు తలెత్తి చూసింది. అబద్ధం చెబుతుందనుకుంది కాబోలు. చాలాసేపు చూసి, ఒక ఎండు చేపల కట్ట నా ఒళ్ళో పడేసింది. "తీసుకెల్లి మీ డాక్టరమ్మకి వండి పెట్టు, ఒంట్లో ఏటీ లేదు దీనికి." పంపిస్తాననలేదు. పంపననీ అనలేదు.

తిరిగొస్తుంటే డాక్టరమ్మ అంది, "పెద్దదానికి ఏం జరిగిందో తెలుసుకోకపోతే చిన్నదానికీ అదే జరగొచ్చు." అక్కణ్ణుంచి మా తిరుగుడంతా ఆ చిన్నదాని కోసమే అన్నట్టయింది. ఏ ఇంటికి వెళ్ళినా నా కళ్ళకి ఆ పిల్లే కనపడేది, ఇసకలో కాళ్ళు చాపుకుని, పొట్ట మీద చేపల పొలుసు మెరుస్తూ.

ఇది జరిగిన కొద్దిరోజులకి పాతూళ్ళో ఒక ఇంటికి వెళ్ళాం. తాళాలు బాగుచేసే వాళ్ళ ఇల్లు. ముందు గదిలో గోడ నిండా తాళంచెవులు వేలాడుతున్నాయి, గాలికి చిన్నగా మోగుతున్నాయి. కోడలు పోయింది. అత్తగారు పరదా పక్కన కూర్చుంది. సగం తెలుగు, సగం ఉర్దూ. ఆ వీధుల్లోనే పెరిగాను కాబట్టి నాకు అర్థమవుతుంది.

"ఏం చెప్పను బేటీ. బిడ్డ పుట్టింది. అంతా అచ్ఛా. మైల్ సారా నికల్ గయా. కడుపంతా సాఫ్. ఫిర్ సో గయీ."

నేను తిప్పి చెప్పాను. "బానే అయిందట డాక్టరమ్మా. పడుకుందట, లెగలేదట. ఊరికే పోయింది."

డాక్టరమ్మ పెన్ను ఆపింది. "మధ్యలో ఇంకేదో అన్నారు. మైల్ అన్నారు."

"అదేటీ లేదమ్మా. మైల దిగిందంటంది. అది మంచిదే."

"మైలంటే?"

నాకు నవ్వొచ్చింది. ఇంత చదువుకుని మైలంటే తెలియదా అనుకున్నాను. "మైలంటే మైలేనమ్మా. పురుడయ్యాక దిగుతాది కదా. దిగిపోవాలి. దిగకపోతే లోపల ఉండిపోయి పాడు సేస్తాది."

"ఏ రంగులో ఉంటుంది?"

"ఎర్రగానే ఉంటాది మరి."

"చిక్కగానా, పలచగానా?"

"మొదట సిక్కగా..." అంటున్నాను. నా మాట నాకే అప్పుడు వినపడింది.

మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఒక మాట నోట్లో నానుతూ ఉంటే, దాని లోపల ఏముందో ఎవరు చూస్తారు? నెత్తురంటే మాకు దెబ్బ, కొట్లాట, అమ్మవారి దగ్గర వేటపోతు. పురిటింట్లో ఆ మాట నోటికి రాకూడదు, అపశకునం. అక్కడ దిగేది మైల. మైల ఎంత పోతే అంత శుభ్రం. వీళ్ళింట్లో ఉర్దూలో మైల్, మా ఇళ్ళలో తెలుగులో మైల. గోడకి అటు ఒకటి, ఇటు ఒకటి. అల్లాని మొక్కేవాళ్ళూ అప్పన్నని మొక్కేవాళ్ళూ ఈ ఒక్క మాట దగ్గర ఒకటైపోయారు. నేను పిల్లల్ని కన్నప్పుడు మా అమ్మ అన్న మాట గుర్తొచ్చింది. దిగనీ, దిగనీ, సుబ్బరం అవుతాది. నేను బతికాను. ఎందుకు బతికానో అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

డాక్టరమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "అడుగు. మైల ఎంత దిగిందో అడుగు."

అడిగాను. అత్తగారి మొహం తేటపడింది. ఇన్నాళ్ళకి ఎవరో సరైన సంగతి అడిగారన్నట్టు చెప్పుకొచ్చింది. పాత బొంతలు వేశారట. ఒకటి తడిసిపోతే ఇంకోటి వేశారట. ఆఖరికి మంచం కిందికి కారిందట. ఎంత మంచి మంత్రసాని అమ్మా, ఒక్క చుక్క లోపల ఉంచలేదు అంది. తాళంచెవులు మోగుతూనే ఉన్నాయి.

బయటికొచ్చాక డాక్టరమ్మ జీపెక్కలేదు. గోడని పట్టుకుని నిలబడింది. లవంగం ఉమ్మేసింది. "ఎన్ని ఇళ్ళలో లేదని రాసుకున్నాం," అంది తనలో తాను.

మర్నాడు డాక్టరమ్మకి వార్డులో ఆపరేషన్లున్నాయి. "నువ్వు జీపు తీసుకుని వెళ్ళు. ఆ జాలరిపేట పిల్లని ఎలాగైనా తీసుకురా. నెలలు నిండకపోయినా పరవాలేదు, ఇక్కడే ఉంచుకుందాం. నేను చెబితే వినదు ఆవిడ. నువ్వు చెప్పు," అంది.

మేము వెళ్ళేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. మగాళ్ళు తెప్పలు ఒడ్డుకి లాగుతున్నారు. సముద్రం మెరిసి మెరిసి కళ్ళు చెదురుతున్నాయి, ఎదురుగా ఉన్న మనిషి కూడా నీళ్ళలో నీడలా కదులుతోంది. మంత్రసాని పాక ముందు ఆడవాళ్ళు మూగి ఉన్నారు. నవ్వుతున్నారు. దిగి పరుగెత్తాను.

"ఎలాగుంది?"

"నీలాడినాది. పొద్దున్నే. ఆడగుంట. మైల కూడా సుబ్బరంగా దిగుతంది," అంది ఒకావిడ, పండగ కబురు చెప్పినట్టు.

లోపల చల్లగా ఉంది. చీకటికి కళ్ళు అలవాటయ్యాక కనపడింది పిల్ల. పేటలో పురుడంటే నేల మీద పొడి ఇసక మెత్తగా పోసి, దాని మీద పడుకోబెడతారు. ఇసక అన్నిటినీ పీల్చేస్తుంది. పైన మళ్ళీ పొడి ఇసక చల్లుతారు. చూసేవాళ్ళకి తడి కనపడదు, మచ్చ కనపడదు. పిల్ల మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. పక్కన బిడ్డ చప్పరిస్తోంది. ముసలిది ఇంకో దోసెడు ఇసక చల్లుతోంది.

"అప్పా," అంది ఆ పిల్ల నన్ను చూసి, నవ్వుతూ. "నిద్రొస్తంది."

ఆ మాట ఎన్ని ఇళ్ళలో విన్నానో. చచ్చిపోయినవాళ్ళ మాట బతికున్న నోట వినడం అదే మొదలు.

"పెద్దమ్మా, ఆసుపత్రికి తీసుకెల్లిపోదాం. జీపుంది."

"దేనికే? అయిపోనాది కదా. నీ డాక్టరమ్మకి సెప్పు, నీ మందులూ సూదులూ లేకుండానే అయిపోనాదని."

"మైల మరీ ఎక్కువ దిగుతంది."

"దిగాలి. ఉండిపోతే కదా సెడ్డ. నాకు నేర్పుతావేటే నువ్వు? నాను పేటంతటికీ సేసినాను."

రక్తమని అంటే గెంటేస్తుంది. చెప్పడానికి ఏమీ లేక అడిగాను.

"పెద్దమ్మా, పెద్దదానికీ ఇలాగే దిగినాదా?"

"దానికా? దానికి ఇంతకన్నా బాగా..."

అని ఆగిపోయింది. ఇసక పట్టుకున్న చెయ్యి గాలిలో ఉండిపోయింది. వేళ్ళ సందుల్లోంచి ఇసక సన్నగా కారుతోంది. కారుతున్నంతసేపూ ఆవిడ దాన్నే చూసింది. బయట ఆడవాళ్ళు ఏదో జోకు వేసుకుని నవ్వారు. ఇసకంతా కారిపోయాక ఆవిడ ఆ ఖాళీ చేతిని కూతురి పక్కన నేలలోకి పొడిచింది. మణికట్టు దాకా పోయింది. ఇంకా పోయింది. బయటికి తీసింది. మోచేతి దాకా ఎర్రగా ఉంది.

కూతురి పొట్ట మీద చెయ్యి వేసింది, బొడ్డు కింద. వెతికింది. "పిల్లసంచి గట్టిగా లేదే. ఉండ కట్టలేదు," అంది, ఎవరితోనో. పిడికిలి బిగించి అక్కడ అదిమింది. బిడ్డ పాలు తాగితే సంచి ముడుచుకుంటుందని, రెండో చేత్తో బిడ్డని తీసి తల్లి రొమ్ముకి పెట్టింది. ఆ తరవాత అరిచింది. ఆ గొంతుకి సముద్రం వెనక్కి తగ్గిందనిపించింది నాకు.

"ఒలేయ్, తెరసాప తెండే. బేగి."

తెరచాప గుడ్డలో పిల్లని పెట్టి నలుగురు ఆడవాళ్ళు నాలుగు మూలలు పట్టారు. ముసలిది పక్కనే నడిచింది, పిడికిలి తియ్యకుండా. జీపులో ఎక్కించాక కూడా తియ్యలేదు, కూతురి మీదికి ఎక్కి కూర్చున్నంత పని చేసింది. డ్రైవరు బండి తీశాడు. చక్రం ఇసకలో దిగిపోయింది. తిరుగుతుంది కానీ కదలదు.

చేపలమ్మడానికి బయలుదేరిన ఆడవాళ్ళు తట్టలు కింద పడేసి వచ్చారు. వెనక్కి వెళ్ళి తోశారు.

"నీ బండి కన్నా మా తెప్ప నయం రా," అని తిడుతోంది ఒకావిడ.

"తోయవే తల్లీ, తరవాత తిడుదువు గాని," అంటున్నాడు డ్రైవరు. వాడి కళ్ళల్లో నీళ్ళు.

బండి ఒక్కసారి ఎగిరి రోడ్డెక్కింది. అక్కణ్ణుంచి ఆసుపత్రి దాకా నాకు సరిగ్గా గుర్తులేదు. పక్కన సముద్రం మాతోపాటు పరుగెత్తినట్టు గుర్తు. ముసలిది కూతురి చెవిలో ఏదో చెబుతూనే ఉంది. పడుకోకే, పడుకోకే, రాత్రి పడుకుందువు గాని. నేను బిడ్డని రొమ్ము జారకుండా పట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల కళ్ళు మూతపడుతుంటే చెంప మీద కొట్టేదాన్ని. నన్ను చూసి చిరాకు పడింది. ఆ చిరాకుని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఊరికే పోయేవాళ్ళు చిరాకు పడరు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చెయ్యాల్సింది చేసింది. అదంతా మీకు నాకన్నా బాగా తెలుసు. నెత్తురెక్కించాలంటే ముసలిది చెయ్యి చాపింది, వయసెక్కువని కాదన్నారు. అల్లుడు వేటకెళ్ళాడు, ఒడ్డుకి రాలేదు. డ్రైవరు, సూదిని చూస్తే కళ్ళు తిరిగే మనిషి, పోయి బల్ల మీద పడుకున్నాడు. "యముడి కన్నా ఈయాల మనవే ముందెల్లినాం అప్పా," అని నా వైపు చూసి కళ్ళు తేలేశాడు. వాడికి తెలివి తెప్పించడానికి ఇంకొకళ్ళు కావలసి వచ్చింది.

పిల్ల బతికింది.

సాయంత్రం వరండాలో ముసలిది గోడకి ఆనుకుని కూర్చుంది. చెయ్యి కడుక్కోమంటే కడుక్కోలేదు. టీ ఇస్తే పక్కన పెట్టుకుంది, ఈగలు వాలాయి. డాక్టరమ్మ వచ్చి ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది. నీ చెయ్యి అలా నొక్కి పట్టబట్టే బతికిందమ్మా అంది డాక్టరమ్మ. అది నిజమే.

"ఇద్దరు," అంది ముసలిది. "ఇద్దరికీ ఇదే సెయ్యి."

దానికి జవాబు మీ దగ్గర ఉంటే దాచుకోండి, ఆవిడలాంటి వాళ్ళు మీకూ తగులుతారు. ఎందుకు పోయిందో తెలుసుకోవాలని ఊళ్ళన్నీ తిరిగాం. తెలిశాక అది ఎవరో ఒకరి గుండెలో దిగుతుందని మాకెవరికీ తట్టలేదు.

తరవాత ఒకసారి జీపులో డాక్టరమ్మని అడిగాను, వేరే దేశాల్లో కూడా ఇలాగే పోతారా అని. పోతారంది. తెల్లవాళ్ళ ఆడవాళ్ళు కూడా ఒకప్పుడు ఇలాగే పోయేవాళ్ళంది. కారణాలు ఎక్కడైనా ఇంచుమించు అవే. నెత్తురు, జ్వరం, వాతం, అడ్డం తిరిగిన బిడ్డ. ఒక్కో చోట ఒక్కో పేరు పెట్టుకుంటారు, అంతే. పేరు మంచిదైతే ఎవరూ భయపడరు అంది. నేను కిటికీలోంచి చూస్తూ, ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో, ఏ భాషో తెలియని ఒక ముసలావిడ దుప్పటి కప్పుతూ, శుభ్రంగా అయిపోయిందని మురిసిపోతున్నట్టు ఊహించుకున్నాను. ఆవిడ మొహం మా అమ్మ మొహంలానే ఉంది.

కూతురు ఇంటికెళ్ళిపోయిన కొన్నాళ్ళకి ముసలిది పొద్దున్నే ఆసుపత్రి గేటు దగ్గర నిలబడింది. ఉతికిన చీర, తలకి నూనె.

"ఏటి పెద్దమ్మా, పిల్లకేటైనా..."

"పిల్ల బాగుంది. మీరింకా ఎల్తన్నారేటి, ఆ సచ్చినోల్ల ఇల్లకి?"

"ఎల్తన్నాం. అడిగిన ఇళ్ళే మళ్ళీ అడగాలి."

"నన్నెక్కించుకోండి."

డ్రైవరు ముందు సీటు దులిపాడు. ఆవిడ వెనకే కూర్చుంది, నా పక్కన.

ఆ రోజు పెందుర్తి అవతల ఒక రైతు ఇంటికి వెళ్ళాం. ఇంటావిడ కూతురు పోయింది. ఇంతకు ముందు వెళ్ళినప్పుడు రక్తమా, మేము కొట్టామా అన్నది ఆవిడే. మమ్మల్ని చూడగానే మొహం మూసేసుకుంది. మళ్ళీ వొచ్చినారేటి, సెప్పేసినాం కదా అంది. డాక్టరమ్మ గుమ్మం దగ్గర ఆగింది. నేను నోరు తెరవబోతే ముసలిది నా చెయ్యి నొక్కింది.

ఆవిడ వాకిట్లో నిలబడింది. జాలరి ఆడమనిషికి ఆ ఊళ్ళో వాకిలి దాకానే చోటు. చేపల వాసన ఆవిడకన్నా ముందే లోపలికి వెళ్ళి ఉంటుంది. ఏమీ అడగలేదు. ఇంటావిడని చూస్తూ, మామూలు గొంతుతో చెప్పింది.

"నాను మంత్రసానినమ్మా. నా పెద్దపిల్ల నా సేతిలోనే పోనాది. మైల బాగా దిగుతందని నాను సంబరపడినాను. అది మైల కాదు. దాని నెత్తురు."

పెరట్లో ఎక్కడో గేదె మెడ గంట మోగింది. ఇంటావిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసింది. లోపలికి వెళ్ళిపోతే తలుపు వేసేస్తుందనుకున్నాను నేను.

పీట తెచ్చింది. తెచ్చి ముసలిదాని ముందు వేసింది. తను కింద కూర్చుంది.

"మా పిల్లకి పురిట్లో బూడిద పోసినాం కింద, తడి పీల్చేస్తాదని," అని మొదలుపెట్టింది.